పదిహేడో ఫుట్‌నోట్

హాస్టల్, మూడో అంతస్తు
జూన్ ఆఖరు

భూతద్దానికి,

నీ నిచ్చెన రాస్తున్నా. కవరు మీద నా అక్షరాలు చూడగానే "దీనికేదో పని పడింది" అనుకుని ఉంటావు. పనే పడింది. ఫోన్ చేద్దామంటే పగలు నిన్ను ప్రూఫుల గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, సాయంత్రం చేస్తే మీ నాన్న లాక్కుని నాతో ముప్పావుగంట మాట్లాడి పెట్టేస్తారు. అందుకే కాగితం.

నా లాటిన్ పీహెచ్‌డీ గ్రంథం డిసెంబర్లో సమర్పించాలి. ఆరేళ్లయింది మొదలుపెట్టి. ఎం.ఏ. రెండో ఏడాదిలో పెద్దమేడం మన క్లాసుకి చెప్పిన ఆ గాజు కొలిమి ఆవిడే నా విషయం. గుర్తుంది కదా? మొగుడు పోయాక కొలిమి తనే నడుపుకుంటూ అన్నగారికి ఇరవై మూడు ఉత్తరాలు రాసినావిడ. "ఆ కొలిమి అమ్మేసి మా ఇంటికి వచ్చి ఉండు" అని అన్న పోరుతుంటాడు. ఈవిడ బొగ్గు ధర గురించీ పనివాళ్ల కాలిన చేతుల గురించీ రాసి, ఆ ఒక్కదానికి మాత్రం జవాబివ్వకుండా దాటేస్తూ ఉంటుంది. ఆ ఉత్తరాలకి లోకంలో మిగిలింది ఒకే ఒక్క చేతిరాత ప్రతి, అదీ మూడొందల ఏళ్ల తర్వాత ఎవరో నకలు రాసింది.

మన గది ఇంకా అలాగే ఉంది. నీ మంచం మీద ఇప్పుడు నా నిఘంటువులు పడుకుంటున్నాయి. పెద్దదానికి అట్ట ఊడిపోతే గుడ్డ అంటించాను.

ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాలు పంపిస్తున్నా. చదివి తప్పులు దిద్ది పెట్టవే. నీ కన్ను పడితే గాని నాకు ధైర్యం రాదు. మూడోది పెద్దమేడం ముందే చూసేశారు, దాంతో నీకు పని లేదు.

నాన్నగారికి నమస్కారాలు.

నీ
నిచ్చెన


ప్రెస్, ప్రూఫుల గది
జూలై రెండో వారం, సోమవారం

నిచ్చెనమ్మకి,

తొమ్మిదేళ్లుగా నేను చదివే సాహిత్యం "భోజనం తర్వాత రోజుకు రెండు మాత్రలు, చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి". అలాంటిదాని చేతిలో రెండొందల పేజీలు పెట్టావు. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు చదువుతున్నా. నా పక్క బల్ల ఆవిడ లాటిన్ ముక్కలు చూసి ఇదేం మందు అని అడిగింది. నిద్రకి అన్నాను.

మొదటి అధ్యాయం బాగుంది. నిజంగా బాగుంది. ఆవిడ కొలిమి దగ్గర పొద్దున్నే ఏమేం చేసేదో రాసిన పేజీల్లో నేను దిద్దడం మర్చిపోయి చదువుకుంటూ పోయాను, మళ్లీ వెనక్కి రావాల్సొచ్చింది. రెండో అధ్యాయం నలభయ్యో పేజీలో మాత్రం చతుర్థీ విభక్తిని షష్ఠి అనుకున్నావు. "పనివాళ్లకి రొట్టె" అనాల్సింది "పనివాళ్ల రొట్టె" అయి కూర్చుంది. పాపం వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నట్టుంది. దిద్దాను.

మూడోది కూడా పంపకూడదూ? మేడం కళ్లు మనమున్నప్పుడే అంతంతమాత్రం.

గురువారం.

నాలుగో అధ్యాయం పూర్తయింది. అక్షరదోషాలు పదకొండు, పక్కన గుర్తు పెట్టాను. పదిహేడో ఫుట్‌నోట్: "చివరి ఉత్తరంలో 'నుంక్' అనే పాఠాన్ని ఈ రచయిత్రి తొలిసారి ప్రతిపాదించింది, మూడో అధ్యాయం చూడండి." ఇందులో అక్షరదోషాలేమీ లేవు. కామా కూడా సరైన చోటే ఉంది.

కాగితాలన్నీ విడిగా పార్సిల్ చేశాను.

ఉంటాను.


హాస్టల్, మూడో అంతస్తు
జూలై ఆఖరు

భూతద్దానికి,

ఆ ఫుట్‌నోట్ అక్కడుందన్న సంగతి నేను మర్చిపోయాను. మూడో అధ్యాయం నీకు కనపడకుండా ఆపుకున్నాను గాని, అది ఇంకోచోట నుంచి తొంగిచూస్తుందని తట్టలేదు.

ఎలా జరిగిందో రాస్తాను. సమర్థించుకోవడానికి కాదు. నువ్వు నా నోటి నుంచి వినాలి.

పోయిన జనవరికి నా దగ్గర కొత్త మాటంటూ ఒక్కటీ లేదు. ఐదేళ్లు చదివి అందరూ అన్నదే అంటున్నానని కమిటీలో ఒకాయన మొహం మీదే అన్నాడు. ఇంకో ఆరు నెలలు చూసి నా సీటు ఇంకొకరికిస్తారని వినపడింది. ఆ వారం పాత కాగితాలు తిరగేస్తుంటే ఎం.ఏ. నాటి జిరాక్సు దొరికింది, చివరి ఉత్తరం ఉన్న పేజీ. అక్కడ మొదటి మాటకి ఎన్ అక్షరం, దాని మీద ఒక గీత మాత్రమే ఉన్నాయి. అందరూ దాన్ని 'నోన్ వెనియమ్' అనే చదువుతారు, "నేను రాను" అని. దాని పక్కన నీ పెన్సిల్ రాత: "నోన్ కాదేమో. ఎన్ పక్కన చుక్క ఉంది, చెరిగిపోయిన సి కావచ్చు. నుంక్ వెనియమ్ అయితే? ఇప్పుడు వస్తాను అంటోందేమో."

మర్నాడు సెమినార్లో పెద్దమేడం "చివరి ఉత్తరం గురించి నీకేమనిపిస్తోంది?" అని అడిగారు. "అది నుంక్ కావచ్చండీ" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఇది నీకెప్పుడు తట్టింది?"

"ఈమధ్యే" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. అది వెనక్కి తీసుకోవడానికి ఒకరోజు ఆలస్యమైంది, తర్వాత వారం, తర్వాత దాని మీద వ్యాసం రాయమన్నారు, పత్రికవాళ్లు తీసుకున్నారు. ఆవిడ అన్నయ్య ఇంటికి వెళ్లడానికి ఒప్పుకుందంటే ఉత్తరాల కథంతా మారిపోతుంది కదా. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ నీకు రాద్దామని కూర్చుని వేరే ఏదో రాసేదాన్ని.

తిట్టు. ఏదో ఒకటి రాయి.

నిచ్చెన


ఇల్లు
ఆగస్టు మొదటి వారం

నిచ్చెనకి,

తిట్టమన్నావు కాబట్టి తిడతాను.

నా పెట్టెలోంచి చీర తీసి కట్టుకున్నావు. సరే, అవసరం పడింది అనుకుంటా. కట్టుకుని నా దగ్గరికే వచ్చి కుచ్చిళ్లు సరిచెయ్యవే అన్నావు చూడు, అది నాకు మింగుడు పడట్లేదు. డబ్బా మూత తీసి ఓ చేత్తో తింటూ ఓ చేత్తో నీ కామాలు దిద్దాను. అదీ సంతోషంగా.

నేను ఆ పెన్సిల్ రాత రాసిన రోజు నీకు గుర్తుందో లేదో. మంగళవారం క్లాసు. బుధవారం నాన్న చెయ్యి మెషీన్లో పడిందని కబురొచ్చింది. మూడు వేళ్లు. శుక్రవారానికి నేను పెట్టె సర్దుకున్నాను. నాన్న స్థానంలో ఇంట్లో ఎవరో ఒకరికి పనిస్తామని ప్రెస్‌వాళ్లు అన్నారు, ఆ ఎవరో ఒకరు నేనే. పుస్తకాలన్నీ నీకే వదిలేశాను. జిరాక్సులు కూడా. ఆ గదిలో నా ఆలోచనంటూ మిగిలింది ఆ రెండు లైన్లే. అవి నీకు దొరికినప్పుడు ఒక్క క్షణమైనా నేను గుర్తొచ్చానా?

అడిగి ఉంటే ఇచ్చేదాన్నే. అదే నా ఏడుపు.

నాకో పని చేసిపెట్టు. ఆ చేతిరాత ప్రతి ఫొటోలు నీ దగ్గర మొత్తం ఉండి ఉంటాయి. అన్ని పేజీలవీ రంగుల్లో ప్రింటు తీసి పంపు. ఎందుకని అడక్కు.


హాస్టల్
ఆగస్టు మూడో వారం

భూతద్దానికి,

నలభై నాలుగు ఆకులు, రెండు వైపులా. వరస తప్పకుండా అంకెలు వేశాను.

గుర్తొచ్చావు. పేజీ మీద చెయ్యి పెట్టి నీ రాత కప్పేసి చదువుకున్నాను. గుర్తు రాకపోతే కప్పే పనేముంది.

పెద్దమేడంకి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పమంటే రేపే చెప్తాను.

నిచ్చెన


ఇల్లు
సెప్టెంబర్ రెండో వారం

నిచ్చెనకి,

చెప్పాలా వద్దా అని నన్నడుగుతావేంటి? నోరు నీది. నేను చెప్పమన్నానని చెప్తే అది కూడా నా దగ్గర తీసుకున్నట్టే అవుతుంది.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. రెండుసార్లు చదువు.

నాలుగు ఆదివారాలు నీ ఫొటోలతో కూర్చున్నాను. మొదట ఎందుకు కూర్చున్నానంటే, నాది నేను చూసుకోవాలనిపించింది. తొమ్మిదేళ్లయినా నా మాట నిలబడిందని కళ్లారా చూడాలనుకున్నాను. ఈ నకలు రాసినవాడు 'నోన్' అన్న మాట వచ్చినప్పుడల్లా ఎన్ ఒక్కటే రాసి పైన గీత పెడతాడు. 'నుంక్' వచ్చినప్పుడు ఏం చేస్తాడు? మొత్తం ముప్పై ఒక్క చోట్ల వచ్చింది. ముప్పై ఒక్క చోట్లా పూర్తిగా, నాలుగక్షరాలూ రాశాడు. ఒక్కసారి కూడా కుదించలేదు. తప్పు లెక్కేమోనని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

మరి ఆ చుక్క ఏంటి? దాన్నే చూస్తూ కూర్చుంటే నాన్న వెనకనుంచి వచ్చి మెడ సాచాడు.

"ఏంటమ్మా అంత దీక్షగా?"

"ఇది అక్షరమా, మచ్చా అని చూస్తున్నా నాన్నా."

నాన్న ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికెళ్లాడు. ముప్పై ఏళ్లు తడి కాగితాలు చూసిన మనిషి. "రెండూ కాదు. ఎదుటి పేజీ సిరా అంటుకుంది. ఆరకముందే పుస్తకం మూసేశారు. ఎదుటి పేజీ ఏదీ?" అన్నాడు.

తీసి రెండూ పక్కపక్కన పెట్టాను. ఎదుటి పేజీలో సరిగ్గా అద్దంలో ప్రతిబింబం పడే చోట వాక్యం చివర ఎర్ర సిరాతో పెట్టిన చుక్క ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. దగ్గరగా చూస్తే మన చుక్క కూడా ఎరుపే. మన జిరాక్సు నలుపు తెలుపు కాబట్టి అప్పుడు తెలియలేదు.

కాబట్టి అది నోన్. ఆవిడ రానంది. ఎప్పటినుంచో అందరూ చదువుతున్నదే నిజం. నేను రాసింది తప్పు, నువ్వు తీసుకుంది ఆ తప్పునే.

ఒకమాట అంటాను, నొప్పేసినా పడు. అది నీ సొంత ఆలోచనై ఉంటే నువ్వు నమ్మేదానివి కాదు. నువ్వు నీ మీద ఎంత అనుమానపు మనిషివో నాకు తెలుసు, గదికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేదానివి. ముప్పై ఒక్క చోట్లూ నువ్వే వెతికేదానివి. నాది కాబట్టి ముట్టుకోవడానికి భయపడ్డావు.

నా తప్పు ఎక్కడుందో కూడా ఆలోచించాను. ఆ వారమంతా ఇంటినుంచి ఏదో కబురొస్తుందని నాకు లోపల గుబులుగానే ఉండేది, నాన్న మెషీన్ రిపేరులో ఉందని ముందే రాశాడు. నాకు ఇంటికెళ్లాలనుంది. అందుకే ఆవిడ కూడా వస్తాననాలనిపించింది. ఆవిడకేం పట్టింది నా గుబులు? ఆవిడ కొలిమి ఆవిడకుంది.

ఇది రాయకుండా రెండు రోజులు ఊరుకున్నాను. నువ్వు పరీక్షకుల ముందు నిలబడి ఉంటే ఎవరో లేచి ఆ ఎర్రచుక్క చూపించినట్టు ఊహించుకున్నాను. మొదటిరోజు ఆ ఊహ బాగానే ఉంది. మూడోరోజుకి అన్నం సయించలేదు.

కొలతల కాగితం జతచేస్తున్నా.


హాస్టల్
అక్టోబర్ మొదటి వారం

భూతద్దానికి,

పెద్దమేడంకి చెప్పేశాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే. మూడు గంటలకి వెళ్లాను. ఆవిడ బల్ల మీద దీపం వేసుకుని, అక్షరాలు పెద్దవి చేసే అద్దం పట్టుకుని ఎవరిదో వ్యాసం చూస్తున్నారు. కూర్చోమన్నారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. మొదట ఆ పాఠం నాది కాదని, నీదని. తర్వాత అది తప్పని.

ఆవిడ అద్దం కింద పెట్టారు. దీపం ఆర్పేశారు. పట్టపగలే, అయినా గది చీకటైపోయినట్టనిపించింది.

"తప్పని ఎవరు పట్టుకున్నారు?" అన్నారు.

"తనేనండీ. ఆ పాఠం ఎవరిదో తనే."

"అంటే తన పాఠాన్ని తనే కొట్టేసుకుందా?"

"అవునండీ. వాళ్ల నాన్నగారి సాయంతో."

నీ కొలతల కాగితం ముందు పెట్టాను. అద్దం పెట్టుకుని లైను లైను చదివారు. అయ్యాక "నేనూ చూడలేదు" అన్నారు. "ముప్పై ఏళ్లుగా ఆవిడ వెళ్లి ఉంటే బాగుండునని నా మనసులో ఉంది. నువ్వు వెళ్లిందనగానే నచ్చింది. నచ్చింది కాబట్టి చూడలేదు." తర్వాత నావైపు తిరిగి, "నీ తప్పు నాదానికంటే వేరు. అది నీకు తెలుసనుకుంటాను" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

వ్యాసం వెనక్కి తీసుకుంటూ పత్రికకి నేనే రాశాను, కారణంతో సహా. కమిటీ పిలిచింది. మొదటి ఏడాది పిల్లలకి నేను చెప్పే వ్యాకరణం క్లాసు తీసేశారు. గ్రంథం సమర్పించే గడువు డిసెంబర్ నుంచి మార్చికి జరిపారు. మూడో అధ్యాయం మొత్తం కొత్తగా రాయాలి. వరండా మీదుగా వెళ్తుంటే ఇదివరకు పలకరించేవాళ్లు నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడుతున్నారు. ఉండనీ.

కొత్త అధ్యాయంలో ఆ పాఠం నీదని, దాన్ని ఖండించింది కూడా నువ్వేనని, నీ పూర్తి పేరుతో రాస్తాను. వద్దంటే కూడా రాస్తాను. ఇది అడగడం కాదు.

మేడంకి నువ్వు గుర్తున్నావు. "ముందు వరసలో కూర్చుని నల్లబల్ల మీద నా తప్పులు చూపించేది, ఆ పిల్లేనా?" అన్నారు.

నిచ్చెన


ప్రెస్, ప్రూఫుల గది
నవంబర్ ఆఖరు

నిచ్చెనకి,

పేరు వెయ్యి. నాన్న మాట కూడా వెయ్యి. ప్రెస్‌లో మెషీన్‌మన్‌గా చేశారని రాయి, మామూలుగా "ఒక మిత్రుడి సాయంతో" అని చుట్టచుట్టేయకు.

పెద్దమేడం నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నాలుగే లైన్లు. ఎం.ఏ.లో నాకు మిగిలిన రెండు పేపర్లు బయటనుంచి కట్టి రాయొచ్చట, శనివారం క్లాసులకి వచ్చి కూర్చోవచ్చట. నేను చదివి మడిచి డబ్బా సంచిలో పెట్టేశాను. ముప్పై ఒకటో ఏట ఇదంతా ఎందుకు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నాన్న డబ్బా కడగబోయి చూశాడు. అన్నం వడ్డించాడు. సగం తిన్నాక, "నా వేళ్లు మూడు పోయాయి. నీ చదువు కూడా ఆ మెషీన్లోనే పడిందని నాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

"అది కాదు నాన్నా" అన్నాను.

"మరేంటో చెప్పు."

మర్నాడు పనికి వెళ్లగానే శనివారాలు సగం పూట సెలవు కావాలని మా ఫోర్‌మన్‌ని అడిగాను. గొణిగాడు గాని ఇచ్చాడు. జనవరి నుంచి.

నీకు చలికాలం దగ్గు వస్తుంది కదా, చూసుకో.


హాస్టల్
జూన్ రెండో వారం

భూతద్దానికి,

నిన్న నా మౌఖిక పరీక్ష అయింది. నెగ్గాను.

ముగ్గురు పరీక్షకులు, రెండున్నర గంటలు. మూడో అధ్యాయం దగ్గరికి రాగానే బయటనుంచి వచ్చినాయన పుస్తకం మూసి, "ఇక్కడ మీరు మీ తప్పు గురించి ఒక పేరా రాశారు. గ్రంథాల్లో ఇలాంటిది నేను చూడలేదు. తీసేయమంటే తీసేస్తారా?" అన్నాడు.

"తీయనండీ" అన్నాను.

"ఎందుకని?"

"అది లేకపోతే మిగతాది ఎవరు రాశారో తెలియదండీ" అన్నాను. సరిగ్గా చెప్పానో లేదో. ఆయన రాసుకున్నాడు.

శనివారాలు నువ్వు డిపార్ట్‌మెంటుకి వస్తున్నావని తెలుసు. ఐదు నెలలు ఆ పూట నేను అటు రాలేదు. ఒకసారి మెట్ల కిటికీలోంచి నీ సంచి కనపడింది, వెనక్కి వచ్చేశాను. ఎదురుపడితే నువ్వు మొహం తిప్పుకుంటావని కాదు, తిప్పుకోలేక ఇబ్బంది పడతావని.

ఇల్లు తెలిసి, దారి తెలిసి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీ ఇంటికి రాలేదు నేను. నాన్నగారిని ఆస్పత్రిలో చూడలేదు. పుస్తకాలు ఉంచుకున్నాను, నిన్ను వదిలేశాను. పాఠం సంగతి తర్వాత, నేను చేసిన మొదటి తప్పు అదే.

నన్ను క్షమించావా? ఇంతకాలం అడగలేదు. పరీక్ష ముందు అడిగితే పరీక్ష కోసం అడిగినట్టుంటుందని ఆగాను.

నిచ్చెన


ఇల్లు
జూన్ ఆఖరు

నిచ్చెనకి,

నెగ్గావని విని నాన్న వీధి చివరి దాకా వెళ్లి చెప్పొచ్చాడు. అందులో ఒక్కరికీ లాటిన్ అంటే ఏంటో తెలియదు. నేనూ సంతోషించాను. ఉత్తరం మడిచాక కూడా సంతోషంగానే ఉంది, అది చూసుకున్నాను.

శనివారాల సంగతి చెప్తాను. మొదటి క్లాసులో నా పక్కనమ్మాయి నన్ను ఆంటీ అంది. క్రియారూపాలు చెప్పమంటే మూడు చెప్పి నాలుగోది దగ్గర నిలబడిపోయాను, ఇరవై ఏళ్ల పిల్లలందరూ నాకోసం జాలిగా కాగితాల్లోకి చూశారు. ఇంటికొచ్చి మానేద్దామనుకున్నాను. రెండోవారం మేడం ఒక పేరా బోర్డు మీద రాసి, ఆగి, చాక్‌పీసు నాకు అందించి తప్పెక్కడుందో చూపించమన్నారు. చూపించాను. అప్పట్నుంచి ఆ ఆంటీ పిల్ల నా పక్కన చోటు పట్టి ఉంచుతోంది.

నువ్వడిగినదానికి వస్తా. అబద్ధం చెప్పను. పూర్తిగా క్షమించలేదు. కొన్నిరోజులు అది గుర్తే ఉండదు. కొన్నిరోజులు మాత్రల కాగితం దిద్దుతుంటే హఠాత్తుగా "ఈ రచయిత్రి తొలిసారి" అన్న ముక్క కళ్లముందుకొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది.

కాని మొన్న బస్సులో ఒకటి జరిగింది. ఎదురుసీటాయన కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, అదే కళ్లజోడు కోసం సంచీ, జేబులు, చివరికి పక్కాయన ఒళ్లో కూడా వెతికాడు. నాకు నవ్వాగలేదు. ఇది దానికి చెప్పాలి అనుకున్నాను. రెండు స్టాపులు పోయాక గుర్తొచ్చింది, నీమీద నాకు కోపం కదా అని. పోయినేడాదంతా ముందు కోపం గుర్తొచ్చి, దాని వెనక నువ్వు గుర్తొచ్చేదానివి. ఇప్పుడు ముందు నువ్వొచ్చావు.

అంతవరకే అయింది. ప్రస్తుతానికి ఇంతే ఉంది నా దగ్గర.

పరీక్షలు ఆరు వారాల్లో. గద్యం నేను చూసుకోగలను. పద్యాల్లో ఏది గురువో ఏది లఘువో చెవికి అందట్లేదు, ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాలి. ఆదివారం పదింటికి రా. కింది ఇంటివాళ్ల కుక్క అరుస్తుంది, ఏం చెయ్యదు. నాన్న ముప్పావుగంట మాట్లాడతాడు, ఆ తర్వాత మనం కూర్చుందాం.

భూతద్దం